బీథోవెన్‌ను బలిగొన్నది కాలేయ వ్యాధే

బాన్‌లో 1770లో జన్మించిన జర్మన్ సంగీతకారుడు బీథోవెన్ పేరు చెప్పగానే వినికిడి లోపమే గుర్తుకు వస్తుంది. ఆయన ప్రాణం తీసింది మాత్రం కాలేయ వ్యాధి. తన రోగమేమిటో మరణానంతరం లోకానికి తెలియాలని 1802లోనే సోదరులనుద్దేశించి రాసిన లేఖలో ఆయన కోరారు. 1821లో పచ్చకామెర్లు సోకాయి. మద్యం అలవాటూ ఉండేది. 1826 డిసెంబరు నుంచి పొట్టలో చేరిన నీటిని వైద్యులు నాలుగుసార్లు తీశారు. 1827 మార్చి 26న వియన్నాలో కన్నుమూశారు. శవపరీక్షలో కాలేయం కుంచించుకుపోయి, గట్టిపడి కనిపించింది.

ఆయన తలవెంట్రుకల్లోని డీఎన్ఏను పరీక్షించిన శాస్త్రవేత్తలు 2023లో హెపటైటిస్-బి వైరస్ ఆనవాళ్లను, కాలేయ జబ్బు ముప్పును పెంచే జన్యువులను గుర్తించారు. నేడు పుట్టిన 24 గంటల్లోపు శిశువుకు వేసే టీకా ఆ వైరస్‌ను అడ్డుకుంటుంది. ఆయన కాలంలో టీకా మాట అటుంచి, వైరస్ అనేది ఉందనే ఎవరికీ తెలియదు. వినికిడి కోల్పోవడానికి కారణం మాత్రం ఆ వెంట్రుకల్లోనూ దొరకలేదు.