వేగానికి వేడే హద్దు: సూపర్ కంప్యూటర్ల పితామహుడు సేమూర్ క్రే

కంప్యూటర్ వేగం పెంచదలచిన ప్రతివారికీ ముందుగా ఎదురయ్యే శత్రువు వేడి. ఇంట్లో గేమింగ్ కంప్యూటర్‌కు ఫ్యాన్లు అమర్చుకునే యువకుడికైనా, భారీ డేటా కేంద్రాన్ని నడిపే సంస్థకైనా ఈ సమస్య ఒక్కటే. ఆ శత్రువుతో జీవితాంతం పోరాడి, సూపర్ కంప్యూటర్ల పితామహుడిగా ఖ్యాతి గడించిన ఇంజనీరు సేమూర్ క్రే.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో చిప్పెవా ఫాల్స్ అనే చిన్న పట్టణంలో 1925 సెప్టెంబరు 28న ఆయన జన్మించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసి, అనంతరం మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, అనువర్తిత గణితం అభ్యసించారు. 1957లో స్థాపితమైన కంట్రోల్ డేటా కార్పొరేషన్ (సీడీసీ) ఆయన ప్రతిభకు వేదికయింది.

విద్యుత్ సంకేతం తీగ గుండా ప్రయాణించడానికి కొంత సమయం పడుతుంది. కాంతి సైతం ఒక నానోసెకనులో సుమారు 30 సెంటీమీటర్ల దూరమే పోగలదు. కనుక వేగం పెరగాలంటే తీగలు కురచ కావాలి, భాగాలు దగ్గరగా చేరాలి. అవి దగ్గరయ్యేకొద్దీ వేడి ఒక్కచోట పోగుపడుతుంది. ఈ చిక్కుముడిని విప్పడానికి 1964లో వెలువడిన సీడీసీ 6600 యంత్రంలో ఆయన బృందం ఫ్రియాన్ శీతలీకరణను ప్రవేశపెట్టింది. సుమారు 4 లక్షల ట్రాన్సిస్టర్లతో నిర్మితమైన ఆ యంత్రం నాటి కంప్యూటర్లన్నింటినీ మించిపోయింది. చిన్న బృందం సాధించిన ఈ విజయం ఐబీఎం అధిపతిని సైతం కలవరపెట్టింది.

అయితే విజయం ప్రతిసారీ వరించలేదు. మరింత సాంద్రంగా కూర్చిన సీడీసీ 8600 వేడి, విశ్వసనీయత సమస్యలను అధిగమించలేకపోయింది. 1972లో క్రే ఆ సంస్థను వీడి, స్వస్థలంలోనే క్రే రీసెర్చ్‌ను స్థాపించారు.

1976లో లాస్ అలమోస్ ప్రయోగశాలకు చేరిన క్రే-1 ఆయన కీర్తికి పతాక. ఆంగ్ల సి అక్షరం ఆకారంలో నిలిచిన ఆ స్తంభంలోని ఏ తీగా దాదాపు 4 అడుగులకు మించలేదు. 80 మెగాహెర్ట్జ్‌పై నడుస్తూ గరిష్ఠంగా సెకనుకు 16 కోట్ల గణనలు చేసిన ఈ యంత్రానికి సుమారు 115 కిలోవాట్ల విద్యుత్తు అవసరమైంది. సర్క్యూట్ పలకల మధ్య అమర్చిన రాగి రేకులు వేడిని అంచులకు చేర్చగా, అల్యూమినియం కడ్డీలలోని ఉక్కు గొట్టాల గుండా ప్రవహించే ఫ్రియాన్ దానిని హరించేది. నిర్మాణ దశలో గొట్టాల అతుకుల నుంచి ఫ్రియాన్‌తోపాటు కందెన నూనె కారి పలకలను పాడుచేసింది. అతుకు విధానాన్ని సరిదిద్దిన తరువాతే పని ముందుకు సాగింది.

1985 నాటి క్రే-2లో ఆయన మరింత సాహసించారు. విద్యుత్తును ప్రసరింపజేయని ఫ్లోరినర్ట్ ద్రవంలో సర్క్యూట్లనే ముంచివేశారు. నేటి డేటా కేంద్రాల్లో ప్రాచుర్యం పొందుతున్న నిమజ్జన శీతలీకరణకు అది తొలినాటి ఘనమైన ఉదాహరణ.

ఆయన స్థాపించిన సంస్థ పేరు భారతదేశానికీ సుపరిచితమే. 1980ల చివర సుదీర్ఘ సంప్రదింపుల అనంతరం, పలు షరతులతో, వాతావరణ అంచనాల నిమిత్తం క్రే ఎక్స్-ఎంపీ యంత్రం ఢిల్లీ చేరింది. అమెరికా ఎగుమతి ఆంక్షల అనుభవమే స్వదేశీ ప్రయత్నానికి ప్రేరణయింది. 1988లో ఏర్పడిన సీ-డాక్, విజయ్ భట్కర్ సారథ్యంలో 1991లో పరమ్ 8000ను ఆవిష్కరించింది.

పరమ్ వంటి యంత్రాలు అనేక చవక ప్రాసెసర్లను కలిపి శక్తిని సాధించాయి. క్రే మాత్రం కొద్దిపాటి అతివేగ ప్రాసెసర్లనే నమ్ముకున్నారు. సిలికాన్‌కు బదులు గాలియం ఆర్సెనైడ్‌తో రూపొందించిన క్రే-3కి కొనుగోలుదారులు కరవయ్యారు. ప్రచ్ఛన్నయుద్ధం ముగియడంతో రక్షణ వ్యయమూ తగ్గింది. ఆయన కొత్త సంస్థ క్రే కంప్యూటర్ కార్పొరేషన్ 1995లో దివాలా తీసింది.

అయినా ఆయన వెనుదీయలేదు. 70 ఏళ్లు దాటిన వయసులో, అంతకాలం అనుమానించిన సమాంతర ప్రాసెసర్ల మార్గంవైపే మొగ్గి 1996లో మరో సంస్థను ప్రారంభించారు. అదే ఏడాది సెప్టెంబరులో కొలరాడో స్ప్రింగ్స్‌లో జరిగిన కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడి, అక్టోబరు 5న కన్నుమూశారు.

క్రే-1ను మించిన గణనశక్తి నేడు అరచేతిలోని ఫోన్‌లో ఇమిడింది. ఆ ఫోన్ సైతం వేడెక్కితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. క్రే ఎదుర్కొన్న హద్దు నేటికీ చెరిగిపోలేదు.