గోల్కొండ ఆఖరి సుల్తాను అబుల్ హసన్ తానీషా

నాగావళి ఒడ్డున ఉన్న మన శ్రీకాకుళంలో జామియా మసీదును చూడని సభ్యులు మన సంఘంలో ఉండరు. 1641లో గోల్కొండ ప్రభువుల తరఫున చికాకోల్ ఫౌజుదారుగా ఉన్న షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన మసీదు అది. విజయనగరం పూసపాటివారి పూర్వీకులైన మాధవవర్మగారు 1652లో ఈ ప్రాంతానికి వచ్చినది కూడా ఆ ఫౌజుదారు వెంటనే. ఆ గోల్కొండ రాజులు ఎవరు, చివరికి ఏమయ్యారు అని మా తరగతిలో పిల్లలు అప్పుడప్పుడు అడుగుతూ ఉంటారు. తానీషా పేరు చెబితే మాత్రం సినిమాలో చూసిన రామదాసు కథ ఒక్కటే వారికి గుర్తు. అందుచేత ఆ తానీషా జీవితాన్ని ఈ సంచికలో నాలుగు మాటల్లో చెప్పుకుందామని మా ప్రయత్నం.

కుతుబ్ షాహీ వంశానికి మూలపురుషుడు సుల్తాన్ కులీ. ఇరాన్ దేశంలోని హమదాన్ నుంచి బతుకుతెరువు వెదుక్కుంటూ దక్కనుకు వచ్చి, బహమనీ సుల్తానుల కొలువులో పైకెదిగి, 1518 ప్రాంతంలో స్వతంత్రుడైనాడు. ఆయన కొడుకైన ఇబ్రహీం ఏడేళ్ళు విజయనగర రామరాయల ఆశ్రయంలో గడిపి, అక్కడ తెలుగు రుచి మరిగి, రాజైన తర్వాత తెలుగు కవులను ఆదరించాడు. మన కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు. ఆయన కుమారుడు మహమ్మద్ కులీ 1591లో హైదరాబాదు నగరాన్ని నిర్మించినవాడు. దక్కనీ ఉర్దూలో దీవాన్ రాసిన కవి కూడా. కొల్లూరు వజ్రాలు, మచిలీపట్నం ఓడరేవు, మన కళింగాంధ్ర నేత బట్టలు ఆ రాజ్యానికి సిరులు తెచ్చాయి.

అబుల్ హసన్‌కు రాజవంశంతో బంధుత్వమైతే ఉంది గాని, సింహాసనం మీద ఆశ లేదు. యౌవనంలో పద్నాలుగు సంవత్సరాల దాకా షా రాజూ అనే సూఫీ గురువుగారి ఖాన్ఖాలో ఫకీరులాగా గడిపాడు. తానా షా అనే ముద్దుపేరు కూడా గురువుగారు పెట్టినదే అంటారు. అబ్దుల్లా కుతుబ్ షాకు కొడుకులు లేరు. మూడో కూతురి పెళ్ళి వేళ అల్లుళ్ళ మధ్య కలహం వచ్చి, అనుకున్న వరుడిని తప్పించి, ఖాన్ఖాలో ఉన్న అబుల్ హసన్‌ను తీసుకొచ్చి పెళ్ళికొడుకును చేశారు. 1672లో మామగారు కన్నుమూయగా ఆయన సుల్తానైనాడు.

రాజైన రెండేళ్ళకు హనుమకొండ ప్రాంతపు బ్రాహ్మణుడైన మాదన్నకు ప్రధానమంత్రి పదవి యిచ్చాడు. ఆయన సోదరుడు అక్కన్నకూ పెద్ద పదవి దొరికింది. 1677లో శివాజీ హైదరాబాదు వస్తే ఆదరించి పంపాడు. మాదన్న మేనల్లుడైన కంచర్ల గోపన్న, సర్కారు పైకంతో భద్రాచలం గుడి కట్టించాడని చెరసాల పాలు కావడం, ఆఖరుకు సుల్తానే విడుదల చేయడం జనం నోట నేటికీ ఉన్న కథ. ఉర్దూలో తానాషాహీ అంటే నిరంకుశత్వం. అటువంటి మాట ఇంత మెత్తని మనిషి పేరుతో కలిసిపోవడం ఎంత చిత్రం! అయితే ఆయనలో లోపం లేకపోలేదు. పాట, భోగం అంటే యిష్టం ఎక్కువ. పరిపాలన భారమంతా మంత్రుల మీద వదిలేసి, దర్బారులో ముదురుతున్న అసూయలను చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

దానికి ఫలితం 1685లో కనిపించింది. కప్పం బాకీ పడ్డారనీ, మరాఠాలకు సాయం చేస్తున్నారనీ ఔరంగజేబు పాదుషా సైన్యాన్ని పంపితే, గోల్కొండ సేనాపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీం ఎదుర్కోవలసింది పోయి శత్రువుతో చేతులు కలిపాడు. హైదరాబాదు దోపిడీ అయిపోయింది. సుల్తాను కోటలోకి వెళ్ళి తలదాచుకున్నాడు. మరుసటి ఏడు కోటలోనివారే కుట్ర చేసి అక్కన్న మాదన్నలను నడివీధిలో చంపించారు. అలాగైనా పాదుషా శాంతిస్తాడని వారి ఆశ కాబోలు, ఆయన శాంతించలేదు.

1687 ఆరంభంలో ముట్టడి మొదలైంది. ఎనిమిది నెలలు గడిచినా కోట లొంగలేదు. వానలు, కరువు, రోగాలతో మొగలు సైన్యమే నానా అగచాట్లు పడింది. గోడ కింద పెట్టిన మందుపాతర ఎదురు పేలి వారి మనుషులే పోయారు. అన్ని ఫిరంగులకూ తెరుచుకోని తలుపు సెప్టెంబరులో ఒక రాత్రి లంచానికి తెరుచుకుంది. తీసినవాడు కోటలోని సర్దారు అబ్దుల్లా ఖాన్ పన్నీ. అబ్దుర్ రజ్జాక్ లారీ అనే మరో సర్దారు మాత్రం, పాదుషా ఆశ చూపిస్తూ పంపిన ఫర్మానాను అంతకుముందే చింపి పారేసినవాడు, ఆ రాత్రి దాదాపు ఒంటరిగా పోరాడాడు. ఒంటి మీద డెబ్బైకి పైగా గాయాలు. ఆ విశ్వాసానికి ఔరంగజేబే ముచ్చటపడి హకీములను పంపి బతికించాడు.

మొగలు సర్దారులు లోపలికి వచ్చినప్పుడు తానీషా కంగారు పడలేదనీ, భోజనం వేళ కాగానే నిబ్బరంగా భోంచేశాడనీ ఖాఫీ ఖాన్ రాశాడు. ఖాన్ఖాలో నేర్చిన సబర్ అక్కడ అక్కరకొచ్చింది. తర్వాత ఆయనను దౌలతాబాదు కోటలో ఖైదు చేశారు. పన్నెండేళ్ళు అక్కడే గడిపి, 1699 ప్రాంతంలో కన్నుమూశాడు. ఖుల్దాబాదులో ఖననం చేశారు.

గెలిచిన పాదుషా మాత్రం ఏం సుఖపడ్డాడు? మళ్ళీ ఢిల్లీ ముఖం చూడకుండా యుద్ధాలలోనే ముసలివాడై 1707లో చనిపోయాడు. ఆయన సమాధి కూడా ఆ ఖుల్దాబాదులోనే ఉంది. 1724 వచ్చేసరికి దక్కను నిజాం చేతికి పోయింది. మన చికాకోల్ సర్కారు 1753లో ఫ్రెంచివారికి, 1766 ఒప్పందంతో ఇంగ్లీషువారికి వెళ్ళిపోయింది.

ఇది హిందువుల, ముస్లిముల తగవు కాదని పిల్లలకు మేము ముఖ్యంగా చెబుతూ ఉంటాము. కొట్టినవాడూ ముస్లిమే, పోగొట్టుకున్నవాడూ ముస్లిమే. తలుపు అమ్ముకున్నవాడూ మనవాడే, తలుపు దగ్గర నెత్తురోడ్చినవాడూ మనవాడే. తెలుగు నేర్చి, తెలుగువారిని నమ్మి రాజ్యం పెరిగింది. నమ్మి అప్పగించిన అమానత్‌ను లోపలివారు కాపాడకపోవడం వల్ల కూలింది. సంఘమైనా, కుటుంబమైనా ఇంతే. ఏదో ఒక తలుపు మనలో ప్రతి ఒక్కరి చేతిలోనూ ఉంది. ఈసారి జామియా మసీదుకు వెళ్ళినప్పుడు పిల్లలను కూడా తీసుకువెళ్ళి, కట్టించిన షేర్ మహమ్మద్ ఖాన్ సంగతీ, ఆ రాజ్యానికి ఆఖరి సుల్తానైన తానీషా సంగతీ కలిపి చెప్పవలసిందని పెద్దలందరికీ మా మనవి.