కొలతకు పేరైన మనిషి – జౌల్

శక్తికి ప్రమాణం జౌల్ అని హైస్కూల్లో మనమందరం బట్టీ పట్టినవాళ్లమే. ఆ మాట వెనుక ఒక మనిషి జీవితకాలపు పట్టుదల ఉంది.

జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1818 డిసెంబర్ 24న ఇంగ్లాండులో, మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫోర్డ్‌లో జన్మించారు. తండ్రికి బీరు తయారుచేసే కర్మాగారం ఉండేది. జౌల్ విశ్వవిద్యాలయంలో చదవలేదు. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ దగ్గర కొంతకాలం గణితం నేర్చుకున్నారు. కుటుంబ వ్యాపారం చూసుకుంటూనే సొంత ఖర్చుతో ప్రయోగాలు చేశారు.

ఆ రోజుల్లో ఉష్ణం అంటే వస్తువుల్లో ప్రవహించే ఒక ద్రవమని చాలామంది శాస్త్రజ్ఞుల నమ్మకం. జౌల్ దానిని ఒప్పుకోలేదు. పనే ఉష్ణంగా మారుతుందని, ఎంత పనికి ఎంత ఉష్ణమో కొలవవచ్చని 1843లో కార్క్ నగరంలో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో చెప్పారు. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన ప్రొఫెసర్ కాదు, చేతిలో డిగ్రీ లేదు.

ఆయన వాదనకు దిగలేదు, మళ్లీ కొలిచారు. నీళ్లపాత్రలో తెడ్లు అమర్చి, కిందికి దిగే బరువులతో వాటిని తిప్పి, నీరు ఎంత వేడెక్కిందో చూశారు. ఆ తేడా డిగ్రీలో చిన్న భాగం మాత్రమే. అంత సన్నని తేడాను పట్టుకోవడంలోనే ఆయన గొప్పతనం ఉంది. 1847లో ఆక్స్‌ఫర్డ్ సభలో యువకుడైన విలియం థామ్సన్ ఆయన మాటల్లోని విలువను గుర్తించారు. ఆ థామ్సనే తర్వాత లార్డ్ కెల్విన్ అయ్యారు. 1850లో రాయల్ సొసైటీ జౌల్‌ను సభ్యుడిగా ఎన్నుకుంది. 1870లో కోప్లీ పతకం ఇచ్చింది. 1889 అక్టోబర్ 11న ఆయన కన్నుమూశారు. ఆయన సమాధి రాయిమీద ఆయన కొలిచిన 772.55 అనే అంకె చెక్కి ఉంది. ఒక పౌండు నీటిని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ వేడిచేయడానికి అన్ని ఫుట్-పౌండ్ల పని కావాలని దాని అర్థం.

ఈనాటి లెక్కలో ఒక కెలోరీ 4.184 జౌళ్లు. ఒక కిలో కెలోరీ 4,184 జౌళ్లు. కరెంటు బిల్లులోని ఒక యూనిట్, అంటే ఒక కిలోవాట్-గంట, 36 లక్షల జౌళ్లు. 20 లీటర్ల బకెట్ నీటిని 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడిచేయాలంటే 20ని 15తో గుణిస్తే 300 కిలో కెలోరీలు. దానిని 4,184తో గుణిస్తే సుమారు 12.55 లక్షల జౌళ్లు. 36 లక్షలతో భాగిస్తే దాదాపు 0.35 యూనిట్. తినే అన్నం, కాలే హీటరు, మోసే బరువు అన్నింటినీ ఒకే లెక్కలోకి తెచ్చినవాడు జౌల్.

జౌల్ పేదవాడు కాదు. ప్రయోగాలకు ఆయన దగ్గర డబ్బుంది, మనలో చాలామందికి అది లేదు. కానీ మన మాట ఎవరూ విననప్పుడు ఏం చేయాలో ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సూత్రాన్ని బట్టీ పట్టి ఊరుకోకండి, ఒక్కసారైనా చేత్తో లెక్క కట్టి చూడండి. సరిగా కట్టిన లెక్కను ఎవరు అడిగినా ధైర్యంగా చూపించవచ్చు.