కోయంబత్తూరు తెలుగు మెకానిక్ జి.డి. నాయుడు

వార్షికోత్సవ సంచిక అనగానే అంబేద్కర్, గాంధీ, అబ్దుల్ కలాం జీవితాలు రాయడం మన హాస్టల్లో ఆనవాయితీ. ఈసారి మేము చేతులకు గ్రీజు అంటించుకున్న ఒక తెలుగువాడిని ఎంచుకున్నాము.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. బడి ఆయనకు రుచించలేదు. ప్రాథమిక చదువుతోనే ఆపేశారు. ఒకరోజు ఒక బ్రిటిష్ అధికారి మోటారు సైకిలు ఆయన కంటపడింది. ఎద్దులు లేకుండా, తొక్కకుండా పరిగెత్తే బండిని చూశాక ఆయనకు ఇంట్లో నిలబడలేదు. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వరుగా చేరి, కొన్నేళ్లు రూపాయి రూపాయి కూడబెట్టి రడ్జ్ మోటారు సైకిలు కొన్నారు. కొన్నాక దాన్ని షోకుగా తిప్పుకోలేదు. ముక్కముక్కలుగా విప్పి, మళ్లీ బిగించి, ఇంజను గుట్టు నేర్చుకున్నారు.

ఆ కాలపు మోటారు సైకిలు నడపడం ఇప్పటిలా సులువు కాదు. హ్యాండిల్ మీద గాలికి ఒక లీవరు, థ్రాటిల్‌కు ఒక లీవరు ఉండేవి. ఎత్తు వచ్చినా పల్లం వచ్చినా ఇంజను చప్పుడు విని, పెట్రోలు, గాలి పాళ్లను నడిపేవాడే చేత్తో సరిచేసుకోవాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే ప్లగ్గు నల్లగా మసిబారుతుంది, మైలేజీ పడిపోతుంది. మరీ తక్కువైతే బండి గుంజుకుంటుంది, ఇంజను వేడెక్కుతుంది.

గుంతకల్లులోనో ఆదోనిలోనో మెకానిక్ ఇప్పటికీ ప్లగ్గు రంగు చూసి, రేజింగ్ ఇచ్చి విని మిక్చర్ చెప్పేస్తాడు. ఆ అనుభవాన్ని మేము తక్కువ చేయము. కానీ స్టాండు మీద నిలబెట్టిన బండికి లోడు ఉండదు. వేరుశనగ మూట కట్టుకుని చిప్పగిరి నుంచి ఆలూరుకు 50 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు ఇంజను పరిస్థితి వేరు. అందుకే డైనమోమీటరు. బండి వెనక చక్రాన్ని ఒక పెద్ద డ్రమ్ము మీద నిలిపి, డ్రమ్ముకు బ్రేకు వేసి రోడ్డు మీదున్నంత లోడు ఇస్తారు. వేగం మారకుండా పట్టి ఉంచి, సైలెన్సరులోంచి వచ్చే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో కొలుస్తారు. దాన్నిబట్టి మిక్చర్ పాళ్లు అంకెల్లో తెలుస్తాయి. ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోలును నిర్ణయించేది మెయిన్ జెట్. మామూలు ప్రయాణంలో నిర్ణయించేది ఎక్కువగా కార్బ్యురేటరు నీడిల్. కాబట్టి ఫుల్ స్పీడులో ఒక్కసారి చూసి వదిలేస్తే లాభం లేదు. నీడిల్ క్లిప్పును ఒక గాటు మార్చి, అదే వేగంలో, అదే లోడుతో మళ్లీ చూడాలి. క్లిప్పు కిందికి దించితే నీడిల్ లేచి పెట్రోలు పెరుగుతుంది. 2020లో బీఎస్-6 వచ్చాక కొత్త బళ్లలో ఈ లెక్క చాలావరకు ఇంజెక్షన్ కంప్యూటరే చూసుకుంటోంది. మన ఊళ్లలో పాత బళ్లే ఎక్కువ.

నాయుడు గారి సంగతికి వస్తే, 1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టి తానే నడిపారు. అది యూనివర్సల్ మోటార్ సర్వీసుగా పెరిగి పెద్ద సంస్థ అయింది. మైలుకు చెంచాడు పెట్రోలు మిగిలినా అన్ని బస్సుల మీద అది ఎంత అవుతుందో లెక్క వేసుకోండి. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి మన దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశారు. బ్యాటరీతో నడిచే షేవింగ్ రేజరు కూడా ఆయన చేసిందే.

1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్, ఆ తర్వాత ఇంజనీరింగ్ కళాశాల ఆయన చొరవతో వచ్చాయి. నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదువు దండగ అని, చేతిపనితో అంతకన్నా త్వరగా నేర్పవచ్చని ఆయన వాదించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేశారు. మా ఇళ్లల్లో మొదటి డిగ్రీ పట్టుకున్న మాలాంటివాళ్లకు ఈ వాదన మింగుడు పడదు. పైసా ఆస్తి లేనివాడికి సర్టిఫికెట్టే కదా గేటు లోపలికి రానిచ్చేది! అయినా నాలుగేళ్లు చదివి కార్బ్యురేటరు విప్పడం రానివాళ్లను మేము చూశాము కనుక ఆయనతో పూర్తిగా పోట్లాడలేకపోతున్నాము.

ఆయన 1974 జనవరి 4న కన్నుమూశారు. ఆయన పెట్టిన ఆ ఇంజనీరింగ్ కళాశాలే తర్వాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. అందులో చదువు నాలుగేళ్లే.