చనిపోయిన తల్లిపై చల్లిన బురద

వయోలా లియుజో అనే అయిదుగురు బిడ్డల తల్లి గురించి ఈ వారం తెలుసుకుందాం.

ఆమె 1925లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక బొగ్గుగని కార్మికుని ఇంట జన్మించారు. దక్షిణాది రాష్ట్రాలలో పేదరికంలో పెరుగుతూ, నల్లజాతివారికి జరిగే అన్యాయాన్ని కళ్లారా చూశారు. పెండ్లి తరువాత డెట్రాయిట్ నగరంలో కాపురముంటూ, విశ్వవిద్యాలయంలో చేరి మళ్లీ చదువు మొదలుపెట్టారు.

1965 మార్చి 7న అలబామా రాష్ట్రంలోని సెల్మాలో, ఓటుహక్కు కోసం నడిచి వెళుతున్న నల్లజాతివారిని పోలీసులు లాఠీలతో చావగొట్టారు. టీవీలో అది చూసిన వయోలా ఊరుకోలేకపోయారు. ఒంటరిగా కారు నడుపుకుంటూ సెల్మా చేరి, ఉద్యమకారులకు సేవచేశారు.

మార్చి 25న పాదయాత్ర మాంట్‌గొమరీలో ముగిసింది. ఆ రాత్రి ఆమె లిరాయ్ మోటన్ అనే 19 ఏళ్ల నల్లజాతి యువకునితో కారులో వెళుతుండగా, కూ క్లక్స్ క్లాన్‌కు చెందిన నలుగురు వెంటాడి కాల్చిచంపారు. ఆమెకప్పుడు 39 ఏళ్లు. యువకుడు చనిపోయినట్లు నటించి బ్రతికాడు. డెట్రాయిట్‌లోని మరియమాత నిష్కళంక హృదయ దేవాలయంలో జరిగిన అంత్యక్రియల పూజకు మార్టిన్ లూథర్ కింగ్ కూడా వచ్చారు.

అసలు కుట్ర ఒకటుండగా, దానిపై పుకార్ల పొర కమ్ముకుంది. హంతకుల కారులోని నాలుగవవాడు ఎఫ్.బి.ఐ. జీతమిచ్చి పెట్టుకున్న వేగు. ఆ సంస్థ అధిపతి ఎడ్గార్ హూవర్, ఆమె చేతిపై సూది గుర్తులున్నాయనీ, ఆ యువకునితో చనువుగా ఉందనీ అధ్యక్షునికే చెప్పాడు. శవపరీక్షలో మత్తుమందు జాడే లేదు. అయినా నింద పత్రికలకెక్కింది. ఇంటిముందు సిలువను తగులబెట్టారు. బడికెళ్లే చిన్నకూతురిపై రాళ్లు విసిరారు. తల్లి ఇంటిపట్టున ఉండవలసిందని లోకం తీర్పు చెప్పింది.

కాల్చాడన్న నిందితుణ్ణి, అందరూ శ్వేతజాతీయులే ఉన్న జ్యూరీ అక్టోబరులో నిర్దోషిగా వదిలేసింది. డిసెంబరులో మాత్రం కేంద్ర న్యాయస్థానం, పౌరహక్కులను హరించే కుట్ర చేశారని ముగ్గురికి 10 ఏళ్ల చొప్పున శిక్ష విధించింది. కుట్ర రుజువైంది సాక్ష్యంతోనే.

బిడ్డలు పెద్దవారయ్యాక ప్రభుత్వ దస్త్రాలు తెప్పించి చదివారు. తల్లిపై నింద ఎక్కడ పుట్టిందో అప్పుడు తెలిసింది. వేగే కాల్చాడని వారు వేసిన దావాను 1983లో న్యాయస్థానం అంగీకరించలేదు. మనసు ఎంత గాయపడినా, అనుమానం వేరు, రుజువు వేరు. ఆమె చదివిన వేన్ స్టేట్ విశ్వవిద్యాలయం 2015లో మరణానంతర డాక్టరేటునిచ్చి గౌరవించింది.

పాఠకులారా, పేదల పక్షాన నిలిచినవారు హతులైనప్పుడు, వారి నడవడి గురించిన గుసగుసలు మన విచారణలకూ, మన ఇండ్లకూ వస్తాయి. ఎవరు చూశారు, ఎవరికి లాభం అని అడగండి. జవాబు లేకపోతే ఆ మాట మీ దగ్గరే ఆగిపోనివ్వండి. ఎనిమిదవ ఆజ్ఞ చనిపోయినవారికీ వర్తిస్తుంది.