శ్రీ బూర్గుల రామకృష్ణారావు గారు

మన గౌడవెల్లి హైదరాబాదు రాష్ట్రంలో ఉన్ననాటి ముఖ్యమంత్రి బూర్గుల వారిని నేటి పిల్లలకు పరిచయం చేయడం పెద్దలుగా మన విధి. 1899లో జన్మించి, పూనా ఫెర్గుసన్ కళాశాలలో చదివి, హైదరాబాదు హైకోర్టులో పేరుమోసిన వకీలయ్యారు. పి.వి.నరసింహారావు గారు ఆయనకు జూనియరే. క్విట్ ఇండియాలో జైలుకెళ్ళారు. కాంగ్రెసు నాయకుడిగా 1952లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడే ముల్కీ ఆందోళనలో పోలీసు కాల్పులకు యువకులు బలికావడం ఆయన పాలనకు మాయని మచ్చ.

తెలంగాణలో అధికులు ప్రత్యేక రాష్ట్రాన్నే కోరుతున్నారని అధిష్ఠానానికి రాసిన ఆయనే, 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందంపై సంతకం చేశారు. విలీనంతో తన పదవినీ వదులుకున్నారు. అనంతరం కేరళ, ఉత్తరప్రదేశ్ గవర్నరుగా పనిచేసి 1967లో పరమపదించారు. ఆయన కుర్చీ వదిలారు. ఒప్పందంలోని ఉద్యోగ రక్షణలు మాత్రం సరిగా అమలుకాక, మనవాళ్ళు 2014 దాకా పోరాడవలసివచ్చింది.