మళ్లీ అదే సముద్రంలోకి

ఇంగ్లండు ఒడ్డు ఇంకా ఐదు మైళ్ల దూరమే. అప్పటికే నలభై మైళ్లు ఈదేసిందా అమ్మాయి. సరిగ్గా అప్పుడే ఎదురు ప్రవాహం మొదలైంది. పొద్దున్న పదకొండు నుంచి సాయంత్రం నాలుగింటిదాకా రెక్కలు విరిగేలా ఈదినా ముందుకు జరిగింది రెండు మైళ్లే! చివరికి వెంట వస్తున్న పడవవాళ్ల ఒత్తిడితో నీళ్లలోంచి బయటికి రాక తప్పలేదు.

1959 ఆగస్టు 27న ఇంగ్లిష్ చానల్‌లో మన దేశపు అమ్మాయి ఆరతీ సాహాకి ఎదురైన అనుభవమిది.

ఆరతి 1940లో కలకత్తాలో పుట్టింది. రెండున్నరేళ్లకే తల్లి పోతే నాయనమ్మ పెంచింది. గంగ ఒడ్డున చంపాతలా ఘాట్‌కి స్నానానికి వెళ్లే పిల్లకి ఈత అబ్బింది. పన్నెండేళ్లు నిండకముందే 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఈదింది. చానల్ ఈదాలనుకున్నాక డబ్బుకి కటకట. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ సాయం చేయబట్టి ప్రయాణం సాగింది. అంతకుముందే కలకత్తాలోని ఓ పార్కు చెరువులో ఏకబిగిన పదహారు గంటలు ఈది చూసుకుంది.

అంత చేసీ ఓడిపోతే ఎలా ఉంటుందో! పరీక్ష తప్పిన పిల్లలు నెల తిరిగినా గడప దాటని ఇళ్లు మనకి తెలుసు. పైగా ఈ పరీక్ష దేశమంతా చూస్తుండగా తప్పింది. ఆరతి మాత్రం ఇంటికి తిరిగి రాలేదు. అక్కడే ఉండి సాధన చేసింది. ఆ అయిదు గంటల్లో సముద్రం చేయగలిగిన చెడంతా చూసేసింది కదా, ఇక కొత్తగా భయపడేందుకు ఏం మిగిలిందనుకుని ఉంటుందని నాకనిపిస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు అది తెలియని నీళ్లు. రెండోసారికి తెలిసిన శత్రువు!

సరిగ్గా ముప్పైమూడు రోజులకి, సెప్టెంబరు 29న, ఫ్రాన్స్‌లోని గ్రినే అగ్రం దగ్గర మళ్లీ నీళ్లలోకి దిగింది. అప్పటికి పంతొమ్మిదేళ్లు నిండి అయిదు రోజులే. అవే చల్లటి నీళ్లు, అవే ప్రవాహాలు. అలిసిపోయి పక్కనున్న పడవని పట్టుకుందా, అంతటితో సరి, ఈత లెక్కలోకి రాదు. 16 గంటల 20 నిమిషాలు ఈది, ఇంగ్లండులోని శాండ్‌గేట్ ఒడ్డెక్కింది. ఆసియా ఖండంలో ఆ పని చేసిన మొదటి స్త్రీ ఆమే.

1960లో పద్మశ్రీ ఇచ్చారు. డాక్టర్ అరుణ్ గుప్తాని పెళ్లాడి, రైల్వేలో ఉద్యోగం చేసుకుంటూ సంసారం చూసుకుంది. చానల్ చలికి లొంగని మనిషిని 1994 ఆగస్టులో పచ్చకామెర్లు తీసుకుపోయాయి. అప్పటికి ఆమెకి యాభైనాలుగు కూడా నిండలేదు. 1999లో ఆమె బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది.